కొత్త యంత్రం వల్ల లాభమెంత? – సంఘం రిజిస్టర్లతో తేల్చుకొనే విధానం

బల్క్ కూలరు పెట్టాలన్న తీర్మానం సర్వసభ్య సమావేశానికి వచ్చినప్పుడు సభ్యులు రెండు పక్షాలుగా చీలిపోవడం సాధారణం. "పొరుగూరిలో పెట్టారు, పాలు పెరిగాయి" అని ఒకరంటారు. "వచ్చేదంతా కరెంటు బిల్లుకే పోతుంది" అని మరొకరంటారు. ఇద్దరి చేతిలోనూ లెక్క ఉండదు. ఖర్చయ్యేది మాత్రం సభ్యుల సొమ్ము. కనుక ఒక కొత్త సాధనం నిజంగా ఎంత మేలు చేసిందో కొలిచే పద్ధతిని సభ్యులందరు తెలుసుకొనుట అవసరం.

ఈ పద్ధతికి మంచి ఉదాహరణ కేరళ చేపల రేవుల్లో కలదు. చేపలు కూడ పాలవంటివే, నిలవ ఉండవు. ఉత్తర కేరళలోని కోళిక్కోడ్, కన్నూరు, కాసరగోడు జిల్లాలలో జాలరులు మత్తి అనే సార్డిన్ చేపలు పట్టి తమ ఊరి రేవులోనే అమ్మేవారు. ఏ రేవులో ధర ఎలా ఉన్నదో సముద్రంలో ఉన్నవారికి తెలిసే దారి లేదు. 1997 జనవరిలో ఒక ఉదయం వడకర రేవులో 11 మంది జాలరులు కొనేవారు లేక చేపలను తిరిగి సముద్రంలో పారబోశారు. ఆ పూటే 15 కిలోమీటర్ల లోపు రేవుల్లో 27 మంది వర్తకులు చేపలు దొరకక వెనుదిరుగుతున్నారు!

1997 నుండి సెల్‌ఫోన్ టవర్లు వచ్చాయి. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త రాబర్ట్ జెన్సెన్ 15 రేవుల్లో, 300 పడవల వద్ద, 1996 నుండి 2001 వరకు వారం వారం పట్టు, ధర, అమ్మకం వివరాలు సేకరింపజేసి, 2007లో ఫలితాలు ప్రచురించారు. అంతకుముందు పట్టులో 5 నుండి 8 శాతం వరకు వృథా అయ్యేది. ఫోన్లు వచ్చాక అది దాదాపు పూర్తిగా ఆగింది. జాలరుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర సుమారు 4 శాతం తగ్గింది.

ఇది ఫోను వల్లనే జరిగిందనడానికి ఆధారమేమిటి? టవర్లు మూడు ప్రాంతాలకు ఒకేసారి రాలేదు. మొదట కోళిక్కోడ్, ఏడాదిన్నరకు కన్నూరు, 2000లో కాసరగోడు. టవరు వచ్చిన చోట మార్పు వచ్చింది, రాని చోట పాత పరిస్థితే కొనసాగింది. తరువాత అక్కడికీ టవరు రాగానే అదే మార్పు అక్కడా కనిపించింది. వానలు, చేపల రాక, డీజిలు ధర వంటివి కారణమైతే మార్పు ఇలా టవరు వెంటే నడవదు.

ఇక మన పాల విషయానికి వద్దాం. గేదెలు ఎక్కువగా శ్రావణం మొదలు మార్గశిరం వరకు ఈనుతాయి. దసరాకు కూలరు పెట్టి, సంక్రాంతికి పాలు పెరిగాయని సంబరపడితే ఆ ఘనత గేదెలది, కూలరుది కాదు. అందుచేత ఈ ఏటి మే నెలను నిరుటి మే నెలతోనే పోల్చవలెను. అదీ చాలదు. వానలు కురిసి పచ్చిమేత దొరికినా, యూనియన్ ధర పెంచినా పాలు పెరుగుతాయి. కనుక అదే రూటులో కూలరు లేని, దాదాపు మన అంత సంఘాన్ని పక్కన పెట్టి చూడాలి. ఉదాహరణకు మన సేకరణ రోజుకు 300 లీటర్ల నుండి 360 అయిందనుకొందాం. పొరుగు సంఘానిది 280 నుండి 325 అయింది. మన పెరుగుదల 60, వారిది 45. కూలరు ఖాతాలో వేయదగినవి 15 లీటర్లే, 60 కాదు. ఒక సంఘంతో కాక రెండు మూడింటితో పోల్చితే ఇంకా నమ్మకం.

ఇందులో ఒక మెలిక ఉన్నది. పొరుగు సంఘం సభ్యులే ఇటు వచ్చి పోస్తుంటే మన రిజిస్టరులో పాలు పెరుగుతాయి, వారి రిజిస్టరులో తగ్గుతాయి. రూటు మొత్తం మీద పెరిగినది శూన్యం. కొత్త సభ్యులు ఎక్కడివారో కార్యదర్శి తప్పక విచారించాలి.

నా మట్టుకు లీటర్ల కంటే పులిసిన పాల లెక్కే ముఖ్యం. కూలరు చేసే అసలు పని పాలను 4 డిగ్రీల వరకు చల్లబరచి నిలబెట్టుట. వేసవిలో సాయంత్రం పాలు ఎన్ని పులిశాయి, ఎన్ని విరిగాయి, మనం పంపినదానికీ డెయిరీ ట్రక్ షీటులో చూపినదానికీ పరిమాణంలోనూ వెన్న శాతంలోనూ తేడా ఎంత – ఇవి యంత్రం రాకముందు, వచ్చిన తరువాత వరుసగా వ్రాసి చూడాలి. తగ్గిన నష్టం విలువ ఒక వైపు. కరెంటు, జనరేటరు డీజిలు, మరమ్మతు, అప్పు వాయిదా మరో వైపు.

చిక్కేమిటంటే, చాలా సంఘాల్లో పులిసిన పాల వివరం చిత్తుకాగితం మీద వ్రాసి పారవేస్తున్నారు. కంప్యూటరు తూకం ఉన్నచోట అంకెలు యంత్రంలోనే ఉన్నా బయటకు తీసేవారు లేరు. యంత్రం రాకముందు ఏడాది లెక్క లేకపోతే తరువాత పోల్చడానికి ఏమీ మిగలదు. కనుక కూలరు ఆలోచన ఉన్న సంఘాలు ఈ నెల నుండే రోజువారీగా పులిసిన పాలకు వేరే గడి గీయించి, పొరుగు సంఘం కార్యదర్శితో నెలసరి అంకెలు ఇచ్చిపుచ్చుకొనే ఏర్పాటు చేసుకోవలెను. తీర్మానం చర్చకు వచ్చిన రోజున ఆ కాగితం సభ్యుల ముందుంచమని మీరు అడగవచ్చును.