పాకను నేలకు బిగించండి, గాలికి వదలకండి

(ఒక సహకార సంఘాల ఇన్‌స్పెక్టరు)



పశువును కట్టే గుంజను ఎప్పుడైనా పీకారా? రెండడుగులు పాతిన గుంజను గేదె రోజంతా పక్కకు గుంజినా అది రాదు. అదే గుంజను మనం తీయదలచుకున్నప్పుడు అటూ ఇటూ నాలుగుసార్లు ఊపి, మన్ను వదులయ్యాక పైకి లాగుతాము. ఒక్క మనిషి చేతికి వచ్చేస్తుంది. ఈదురుగాలి మన పశువుల పాకకు చేసేది సరిగ్గా యీ పనే. ముందు ఊపుతుంది, తరువాత పైకి లేపుతుంది.

పాక వేసేటప్పుడు కప్పు బరువును స్తంభాలు మోస్తాయా లేదా అని అందరమూ చూస్తాము. కప్పు పైకి లేవబోతే స్తంభాలు దానిని పట్టి ఉంచగలవా అని చూసేవారు తక్కువ. యీ వ్యాసంలో చెప్పదలచినది ఆ రెండవ సంగతే.

నాకు తగిలిన దెబ్బ

కొన్నేళ్ల క్రితం నా పరిధిలోని ఒక సంఘం పాలకేంద్రం పక్కన రేకుల పందిరి వేయించింది. వైద్యానికి, సూదికి వచ్చే పశువులను నీడన నిలపడానికి అది. బిల్లులో గోతుల లోతు మూడడుగులని వ్రాసి ఉన్నది. పాలకవర్గ తీర్మానం ఉన్నది, రసీదులు ఉన్నాయి. నేను లెక్కలు చూసి, సరిపోయినవని సంతకం పెట్టాను.

ఆ మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. తుపాను కాదు, పావుగంట ఈదురుగాలి. పందిరి పందిరిగానే లేచి రోడ్డు అవతల పడింది. మరునాడు వెళ్లి చూస్తే ఆరు పైపుల అడుగున ఆరు కాంక్రీటు ముద్దలు వేలాడుతున్నాయి. ఒక్కటీ అడుగుకు మించి లేదు. ఆ సమయానికి పందిట్లో కట్టి ఉన్న ఒక సభ్యురాలి గేదెకు పైపు తగిలి వెనుక కాలు విరిగింది. పూటకు నాలుగు లీటర్లు పోసే గేదె. దాని మీద తెచ్చిన బ్యాంకు అప్పు సగం కూడా తీరలేదు. ఆమె నన్ను నిష్ఠూరమాడలేదు. “మీరు చూశారని చెప్పారు గదయ్యా మావాళ్లు” అని మాత్రం అన్నది. నేను చూసినది కాగితం, గొయ్యి కాదు.

గాలి బలం ఎంత?

గాలి కప్పు మీదుగా పోయేటప్పుడు పైభాగాన ఒత్తిడి తగ్గుతుంది. గోడలు లేని పాకలో అదే గాలి కింద దూరి కప్పును పైకి నెడుతుంది. పై నుంచి లాగుడు, కింద నుంచి నెట్టుడు రెండూ కలుస్తాయి. అందుకే నాలుగు వైపులా తెరిచి ఉన్న పాకకు గోడలున్న కొట్టం కంటె భద్రత ఎక్కువ కావాలి.

ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు పాక తీసుకుందాము. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో చదరపు మీటరుకు సుమారు 47 కిలోల ఒత్తిడి ఉంటుంది. అదంతా కప్పును లేపడానికే పనిచేసినదనుకుంటే మొత్తం సుమారు 9 క్వింటాళ్లు. గాలి వేగం రెండింతలైతే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 150 కిలోమీటర్లకు 20 క్వింటాళ్లు, 180 కిలోమీటర్లకు 28 క్వింటాళ్లు దాటుతుంది.

యీ వేగాలు అతిశయోక్తి కావు. కట్టడాల మీద గాలి బలానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగంలో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు, విశాఖపట్నానికి 50 మీటర్ల మూలవేగం ఇచ్చారు. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్ మనం మరువరానివి. తీరానికి దూరంగా ఉన్న తెలంగాణ, రాయలసీమ సభ్యులకు వేసవి గాలివానలు ఉండనే ఉన్నాయి.

గోతి లెక్క

పలుచని ఇనుప రేకులు, పైపులు అన్నీ కలిపి పైన చెప్పిన పాక బరువు సాధారణంగా రెండున్నర క్వింటాళ్లు ఉంటుంది. మిగతా బలాన్ని గోతిలోని కాంక్రీటు, దాని చుట్టూ ఉన్న నేల ఆపాలి. ఘనపుటడుగు కాంక్రీటు బరువు సుమారు 68 కిలోలు.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గోతులు ఆరు తీస్తే కాంక్రీటు బరువు 4 క్వింటాళ్లు. పాక బరువు కలిపినా ఆరున్నర. 100 కిలోమీటర్ల గాలి 9 క్వింటాళ్లతో లేపుతుంది. మా పందిరి ఎందుకు లేచినదో యీ లెక్కే చెబుతుంది.

ఒకటిన్నర అడుగు చదరాన, రెండున్నర అడుగుల లోతున తీస్తే ఆరు గోతుల కాంక్రీటు దాదాపు 23 క్వింటాళ్లు. అదే మూడడుగుల లోతైతే 27 క్వింటాళ్లు దాటుతుంది. లోపలి జిల్లాల వారు మొదటి కొలత, తీరప్రాంతం వారు రెండవ కొలత పాటించాలి. మూలల వద్ద గాలి లాగుడు ఎక్కువ గనుక మూల గోతులను మరికొంత వెడల్పు చేయాలి. అడుగు గోతులకు, మూడడుగుల గోతులకు ఖర్చులో తేడా ఆరు బస్తాల సిమెంటు, దానికి తగిన ఇసుక, కంకర. గేదె ధరతో పోల్చి చూసుకోండి.

గోతి అడుగు భాగం పైభాగం కంటె వెడల్పుగా ఉండాలి. అప్పుడు పైనున్న మన్ను కూడా కాంక్రీటును నొక్కి పట్టుకుంటుంది. పైపు అడుగున అడుగు పొడవు ఇనుప చువ్వలు రెండు అడ్డంగా వెల్డు చేయించాలి. నున్నటి పైపు కాంక్రీటులో నుంచి జారి వచ్చిన సందర్భాలున్నాయి. ముందు మూడంగుళాల కాంక్రీటు పోసి, దాని మీద పైపు నిలపాలి. కాంక్రీటును నేలమట్టానికి ఆరంగుళాలు పైకి లేపి, నీరు జారేటట్లు వాలుగా మెత్తాలి. పేడ, మూత్రం తగిలే చోటే పైపు తుప్పు పట్టి విరుగుతుంది. వారం రోజులు తడపనిదే కప్పు ఎక్కించరాదు.

నేలను బట్టి

నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి స్తంభాన్ని వదిలేస్తుంది, వానకు మెత్తబడుతుంది. అక్కడ నెర్రెలు దిగే లోతు దాటి ఇంకొక అర అడుగు తీయాలి. ఇసుక నేలకు పట్టు తక్కువ గనుక బరువు మీదనే ఆధారపడాలి. అక్కడ గోతి వెడల్పు పెంచాలి. గట్టి ఎర్రనేల మంచిదే గాని, తవ్వడం కష్టమని అడుగున్నరకు ఆపేస్తారు. మోసం అక్కడే జరుగుతుంది.

రేకు నుంచి నేల దాకా

గోతులు ఎంత గట్టివైనా రేకులు ఊడితే లాభం లేదు. రేకు అడ్డపైపుకు, అడ్డపైపు దూలానికి, దూలం స్తంభానికి, స్తంభం నేలకు విడవకుండా బిగిసి ఉండాలి. మధ్యలో ఒక్క చోట వదులైతే గాలి అక్కడే పట్టుకుంటుంది. రేకులకు మేకులు కొట్టకండి. తారు వాషరు వేసి జె-హుక్కు బోల్టులు బిగించండి. చూరు వెంబడి, అంచుల వెంబడి బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి. చూరు ఒకటిన్నర అడుగు మించి బయటకు రానీయకండి. మరీ చదునైన కప్పు కంటె వాలు కప్పు, రెండు వాలుల కంటె నాలుగు వాలుల కప్పు మేలు. ఉత్తరాంధ్ర తీరాన పెద్దలు గుండ్రటి చుట్టిళ్లు కట్టుకున్నది గాలిని ఎరిగే.

రేకుల మీద రాళ్లు పెట్టడం చాలా చోట్ల చూస్తాము. పది కిలోల రాళ్లు ఇరవై పెట్టినా రెండు క్వింటాళ్లే. గాలికి ముందు పడేవి అవే, పడేది పశువు మీద.

కర్ర పాకలు, మంచెలు

తాటి, సరుగుడు, వెదురు స్తంభాలైతే పొడవులో కనీసం నాలుగవ వంతు నేలలోకి పోవాలి. పాతే భాగాన్ని పైపైన కాల్చి తారు పూయాలి. అడుగున రెండడుగుల అడ్డకర్ర కట్టి పాతితే పైకి రాదు. మన్నును ఆరేసి అంగుళాల వరుసలుగా వేసి, ఒక్కొక్క వరుసను దిమ్మిసతో కొట్టాలి. చివరన ఒక్కసారి తొక్కితే పైమన్ను మాత్రమే గట్టిపడుతుంది.

అడవిపందుల కాపలాకు చేలలో వేసే మంచెలకూ యిదే సూత్రం. మంచె ఎత్తైనది, పైన మనిషి ఉంటాడు గనుక ఊపు ఎక్కువ. నాలుగు కాళ్లను కొద్దిగా బయటికి వాల్చి పాతాలి. నాలుగు వైపులా ఏటవాలు కర్రలు కత్తెరలాగా కట్టాలి. ఉరుములు మొదలైతే ఎంత గట్టి మంచె అయినా దిగిపోవాలి.

వెంటనే కాంక్రీటు వేయలేనివారు కప్పు మీదుగా మోకులు వేసి నేలకు కట్టవచ్చు. చూరు ఎంత ఎత్తున ఉన్నదో పాకకు అంత దూరాన గుంజ పాతాలి. గుంజ తల పాక వైపు కాక, అవతలి వైపు వాలి ఉండాలి. అప్పుడు మోకు లాగే కొద్దీ నేల పట్టు ఇస్తుంది. తల పాక వైపు వాలితే గుంజ ఊడివస్తుంది.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పశువులను పాకలో కట్టి వదలకండి. పక్కా కట్టడానికో, మెరక ప్రదేశానికో తోలండి. అదీ వీలు కాకపోతే పలుపులు విప్పి విడిచిపెట్టండి.

సంఘం చేయవలసినది

సంఘం సొమ్ముతో పందిరి గాని, పాలకేంద్రం వసారా గాని వేయించేటప్పుడు కాంక్రీటు పోయకముందే పాలకవర్గ సభ్యులు ఇద్దరు, మామూలు సభ్యులు ఇద్దరు టేపుతో ప్రతి గొయ్యి కొలిచి, పుస్తకంలో వ్రాసి సంతకాలు చేయాలి. ఆ సంతకాలు లేనిదే బిల్లు చెల్లించరాదని తీర్మానించుకోవాలి. మట్టి పూడ్చిన తరువాత ఏ తనిఖీ అధికారీ లోతు చెప్పలేడు.

ఏడాదికి రెండుసార్లు, మార్చి నెలాఖరులో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, బోల్టులు బిగించి, పైపుల మొదళ్లు తుడిచి తుప్పు చూడండి. స్తంభాన్ని రెండు చేతులా పట్టి ఊపండి. మీ చేతికి కదిలిన స్తంభం గాలికి ఆగదు. ఆ స్తంభం చుట్టూ మన్ను తీసి, గోతిని పైన చెప్పిన కొలతకు పెంచి, మళ్లీ కాంక్రీటు పోయించండి.