బంగారం కరిగేటప్పుడు లోపల ఏం జరుగుతుంది?

నరసన్నపేటలో స్వర్ణకారుడు మూసలో బంగారం వేసి మంట పెడతాడు. 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కరిగి గుండ్రటి బొట్టవుతుంది. మన కంటికి అందేది అంతే. మరి లోపల బారులు తీరిన పరమాణువులు ఎటునుంచి వరస తప్పాయి?

మామూలు వెలుగుకి పరమాణువులు దొరకవు. అందుకే ఎలక్ట్రాన్లను పంపుతారు. వాటికీ అలల గుణం ఉంది కదా! స్ఫటికంలోంచి దూసుకొచ్చి తెర మీద ముగ్గు చుక్కల్లా పడతాయి. వరస చెదిరిందా, చుక్కలు మాసిపోయి వెడల్పాటి వలయం మిగులుతుంది.

అసలు చిక్కు వేగంతోనే. పరమాణువుల కదలికను ఫెమ్టోసెకన్లలో కొలవాలి. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! ఎలక్ట్రాన్ల గుంపు కూడా అంత పొట్టిగా ఉండాలి. కానీ అవన్నీ రుణావేశాలే, ఒకదాన్నొకటి నెట్టుకుని దారిలోనే సాగిపోతాయి.

ఇక్కడే కణ త్వరణ యంత్రం కావాలి. అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో లేజర్‌తో రాగి నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, రేడియో తరంగాలతో కాంతివేగంలో 99 శాతానికి తరుముతారు. అంత వేగంలో వాటి నెట్టుడు దాదాపు పనిచేయదు, గుంపు పొట్టిగానే చేరుతుంది.

అక్కడ 35 నానోమీటర్ల మందం బంగారు రేకును లేజర్‌తో కొట్టి చూశారు. ప్రతి దెబ్బకీ రేకు పాడే, ప్రతి ఫొటోకీ కొత్త రేకే! ఖరీదైన సినిమానే. 2018లో ఫలితం వచ్చింది: దెబ్బ గట్టిదైతే బంగారం లోపలంతా ఒకేసారి కరిగింది, మెత్తనిదైతే అంచుల నుంచి మొదలై, నిదానంగా లోపలికి పాకింది.