డబ్బు నెలనెలా వస్తుంది, మరి పిల్లల్ని ఎవరు చూస్తారు? నైజీరియా ‘జాపా’ కథ

ఫారిన్ వెళ్లినవాళ్ల గురించి మనం చాలా వీడియోలు చూశాం. వీసా ఎలా వచ్చింది, జీతం ఎంత, రూమ్ రెంట్ ఎంత, ఇవన్నీ తెలుసు. ఇంట్లో మిగిలిపోయినవాళ్ల సంగతేంటి? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. దీనికి నేను తీసుకున్న దేశం నైజీరియా. ఎందుకంటే అక్కడ దేశం వదిలి వెళ్లడానికి జనం నోట్లో ఒక మాటే స్థిరపడిపోయింది: ‘జాపా’. యోరుబా భాషలో దానర్థం తప్పించుకుని పారిపోవడం. వలస వెళ్లడం అని కూడా కాదు, పారిపోవడం. ఆ మాటలోనే సగం కథ ఉంది.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్ చూద్దాం. నైజీరియా జనాభా 20 కోట్ల పైమాటే, ఆఫ్రికాలో ఇదే ఎక్కువ. 1970లలో చమురు డబ్బు బాగా వచ్చినప్పుడు చుట్టుపక్కల దేశాలవాళ్లు పని కోసం అక్కడికే వచ్చేవాళ్లు. తర్వాత చమురు ధర పడింది. 1983 జనవరిలో పేపర్లు లేని విదేశీయులందర్నీ వెళ్లిపొమ్మని ప్రభుత్వం ఆర్డర్ వేసింది. వాళ్లలో ఎక్కువమంది ఘనా వాళ్లు. హడావిడిగా సామాను కుక్కుకుని వెళ్లిన ఆ గళ్ల సంచికి అక్కడ ఇప్పటికీ ‘ఘనా మస్ట్ గో’ అనే పేరు. మన బస్టాండ్లలో కూడా కనిపిస్తుంది చూడండి, ఆ జిప్పు సంచే. ఒకప్పుడు వేరేవాళ్లని పంపించిన దేశం నుంచి ఇప్పుడు సొంత పిల్లలే సంచి సర్దుకుంటున్నారు.

ఈ మధ్య స్పీడ్ ఎందుకు పెరిగిందంటే, 2023 మేలో పెట్రోల్ సబ్సిడీ తీసేశారు. జూన్‌లో నైరా మీద కంట్రోల్ వదిలేశారు. అప్పటిదాకా డాలర్‌కి సుమారు 460 నైరాలు ఉన్నది 2024లో 1,500 దాటింది. 2024 జూన్‌లో తిండి సరుకుల ధరల పెరుగుదల 40 శాతం పైన ఉంది. అక్కడే జీతం తీసుకుంటున్న టీచరో బ్యాంకు ఉద్యోగో ఏం చేస్తాడు? ఎవరో ఒకర్ని బయటికి పంపిస్తే ఇల్లు నిలబడుతుంది అనుకుంటాడు.

నిజంగానే నిలబడుతుంది. ఇది ఒప్పుకోవాలి. బయట ఉన్న నైజీరియన్లు ఏడాదికి దాదాపు 2,000 కోట్ల డాలర్లు ఇంటికి పంపిస్తున్నారు. విదేశీ కంపెనీలు అక్కడ పెట్టే పెట్టుబడి కంటే ఇది చాలా ఎక్కువ. ఫీజులు, ఇంటి అద్దె, అమ్మ బీపీ మందులు, 50 కిలోల బియ్యం బస్తా, అన్నీ ఆ డబ్బుతోనే. ఇంకో లెక్క చూడండి. నెలకి 100 డాలర్లు పంపిస్తే ముందు 46,000 నైరాలు అయ్యేది, తర్వాత లక్షన్నర అయింది. అంటే ఇంట్లో ఒకరు బయట ఉన్నవాళ్లకి, ఎవరూ లేనివాళ్లకి మధ్య తేడా ఒక్కసారిగా పెరిగింది. దాంతో ఆ ఒక్కడి మీద అన్నదమ్ములు, మేనమామలు, మేనత్తలు, అందరి బరువూ పడుతుంది. దీనికి ‘బ్లాక్ ట్యాక్స్’ అని పేరు కూడా ఉంది.

సరే, ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మన భాషలో చెప్పాలంటే, సిస్టమ్‌లో ఒక సర్వర్ తీసేస్తే లోడ్ ఎక్కడికీ పోదు, మిగిలినవాటి మీద పడుతుంది. ఇల్లు కూడా అంతే. అమ్మ వెళ్తే ఆ పని అమ్మమ్మ మీదో, పిన్ని మీదో, పెద్ద కూతురి మీదో పడుతుంది. డబ్బు ఎంత వచ్చిందో అకౌంట్‌లో కనిపిస్తుంది. ఈ పని ఎక్కడా కనిపించదు.

దీని మీద ఒక మంచి స్టడీ ఉంది. వాలెంటీనా మజ్జుకాటో అనే ప్రొఫెసర్ టీం 2010-11లో ఘనా, నైజీరియా, అంగోలా హైస్కూల్ పిల్లల్ని సర్వే చేసింది. నైజీరియాలోనే 2,168 మంది. తల్లిదండ్రులు వలస వెళ్లిన పిల్లల మనసు స్థితి, ఇద్దరితో కలిసి ఉన్న పిల్లల కంటే నైజీరియాలో బాగోలేదు. ఇది మనం ఊహించేదే. ఆశ్చర్యం తర్వాత ఉంది.

ఒకటి, నైజీరియాలో అమ్మానాన్న వేరే దేశం వెళ్లినా, అదే దేశంలో వేరే ఊరు వెళ్లినా పిల్లల్లో పెద్ద తేడా లేదు. లండన్ అయినా, లాగోస్ అయినా ఒకటే. రెండు, చూసుకునేది అమ్మమ్మా, పిన్నా, ఇంకొకరా అన్నదాంతో కూడా తేడా రాలేదు. మూడు, చూసుకునే మనిషి మారుతూ ఉంటే మాత్రం మూడు దేశాల్లోనూ పిల్లల పరిస్థితి దిగజారింది. ఆర్నెల్లు అమ్మమ్మ దగ్గర, ఏడాది బాబాయి దగ్గర, తర్వాత హాస్టల్, ఇదన్నమాట. నాలుగు, తల్లి వెళ్లి తండ్రి చూసుకుంటున్న ఇళ్లలో నైజీరియా పిల్లలు ఎక్కువ ఇబ్బందిపడ్డారు. గుర్తుంచుకోండి, ఇది సంబంధం ఉందని చెప్తుంది కానీ ఇదే కారణం అని కాదు. సర్వే కూడా పాతది, ప్రతి చేతిలో వీడియో కాల్ లేని రోజులది. అయినా నాకు అర్థమైంది ఏంటంటే, దూరం కంటే నిలకడ ముఖ్యం.

ఇప్పుడు ఆ నాలుగో పాయింట్‌ని ఇవాళ్టి వీసా రూల్స్ పక్కన పెట్టి చూడండి. బ్రిటన్‌లో నర్సు, కేర్ వర్కర్ ఉద్యోగాలు తెరిచినప్పుడు చాలా ఇళ్లలో భార్యే ముందు వెళ్లింది. మొదట్లో భర్తనీ పిల్లల్నీ తీసుకెళ్లొచ్చు. 2024 జనవరి నుంచి, రీసెర్చ్ కోర్సులు తప్ప, కొత్తగా వెళ్లే స్టూడెంట్లకి అది ఆపేశారు. 2024 మార్చి 11 నుంచి కొత్త కేర్ వర్కర్లకీ ఆపేశారు. 2025 జులైలో బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లని తీసుకోవడమే మానేశారు. మధ్యలో ఒంటరిగా వెళ్లినవాళ్ల పరిస్థితి ఏంటి? ఆమె రోజంతా వేరేవాళ్ల అమ్మకి స్నానం చేయించి, అన్నం పెట్టి, రాత్రి తన పిల్లలకి ఫోన్‌లో గుడ్ నైట్ చెప్తుంది. లాగోస్‌కి, లండన్‌కి టైం తేడా మహా అయితే ఒక గంట. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఉన్న తలనొప్పి వాళ్లకి లేదు. కానీ నైట్ షిఫ్ట్ ఉంటే ఆ సౌకర్యం కూడా పోతుంది.

పెద్దవాళ్ల సంగతి ఇంకో రకం. ఇగ్బో వాళ్లలో ‘ఒముగ్వో’ అని ఆచారం ఉంది. కూతురు కంటే తల్లి వెళ్లి బాలింతకి వేడినీళ్ల స్నానం, కారం సూపు, బిడ్డ పని అన్నీ చూస్తుంది. మన పురుడు లాంటిదే అనుకోండి. ఇప్పుడు ఆ అమ్మమ్మ ఫ్లైట్ ఎక్కి హ్యూస్టన్‌కో, మాంచెస్టర్‌కో వెళ్తోంది. డాలస్ వెళ్లే మన అమ్మమ్మలు గుర్తొచ్చారు కదా? బయట బిడ్డ పుట్టినప్పుడు ఇంటి దగ్గర మనవల్ని చూసుకుంటున్న మనిషే వెళ్లిపోతుంది. తాత ఒక్కడే మిగులుతాడు. స్టడీలో చెప్పిన ‘చూసుకునే మనిషి మారడం’ ఇలాగే జరుగుతుంది, ఎవరి తప్పూ లేకుండా.

ఇది మనకి కొత్తదేం కాదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్లిన నాన్నలు, కడప, కోనసీమ నుంచి కువైట్‌లో ఇంటి పనికి వెళ్లిన అమ్మలు ఎంతోమంది. మీలో కొందరు ఆ పిల్లలే అయ్యుంటారు.

కాబట్టి వెళ్లొద్దు అని నేను చెప్పను. నైరా అలా పడిపోతుంటే వెళ్లొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ వెళ్లేముందు లోన్ ఈఎమ్ఐ లెక్క వేస్తాం కదా, ఇంకో మూడు లెక్కలు కూడా వేయండి. పిల్లల్ని చూసేది ఒక్కరే అని ముందే తేల్చుకోండి, ఆ మనిషికి జబ్బు చేస్తే ఎవరో కూడా అనుకోండి. ఆ మనిషి చేతికి విడిగా డబ్బు పంపండి, ఎందుకంటే అదీ ఉద్యోగమే. ఎప్పటికి వస్తారో, లేదా ఎప్పటికి తీసుకెళ్తారో పిల్లలకి నిజం చెప్పండి. ‘వచ్చే పండక్కి వస్తా’ అని ప్రతి పండక్కీ చెప్పకండి.

మీ ఇంట్లో ఎవరైనా వెళ్తే, వాళ్ల పని ఎవరి మీద పడిందో ఒకసారి ఆలోచించండి. వీలైతే ఈరోజే వాళ్లకి ఫోన్ చేయండి.