పొద్దుటి పళ్లెం లెక్క

ప్రమోషన్ మీద విశాఖపట్నం నుంచి రాయపూర్ వచ్చినప్పుడు మా అమ్మాయి పదో తరగతిలో ఉంది. దాని చదువు పాడవకూడదని ఇంటివాళ్లను అక్కడే ఉంచి, విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైలెక్కి ఒక్కణ్ణే దిగాను. పోస్టింగు పండరీలో. ఇక్కడి బట్టల మార్కెట్టు ఈ ప్రాంతంలో పేరున్నది. చుట్టుపక్కల జిల్లాల వ్యాపారులు కూడా సరుకు కోసం ఇక్కడికే వస్తారు. దుకాణాల షట్టర్లు లేవకముందే మేలుకునేవి మాత్రం పోహా బండ్లు. పసుపుపచ్చని అటుకులు, పైన గుప్పెడు కారప్పూస, పక్కన రెండు జిలేబీలు. గదిలో పొయ్యి వెలిగించే పని లేదు. ఎనిమిది నెలలు అదే నా టిఫిను.

అటుకులే కదా, తేలిక తిండి అనుకున్నాను.

ఆ ఏడాది వార్షిక ఆరోగ్య పరీక్షలో నా బరువు 84 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం గుమ్మంలో నిలబడి ఉన్నట్టే లెక్క. 6.5 వస్తే లోపలికి వచ్చేసినట్టు. మన దేశంలో పురుషులకు నడుము 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు. నేను ఆ గీత ఎప్పుడో దాటేశాను.

మా నాన్నగారికి నలభై ఎనిమిదో ఏట షుగరు వచ్చింది. ఆయన చివరి పదేళ్లూ మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో ఇన్సులిన్ సీసాలే ఉండేవి. రిపోర్టు చూడగానే నాకు ఆ అరే గుర్తొచ్చింది. మా ఆవిడకు ఫోన్లో "అంతా నార్మల్" అని చెప్పి, రిపోర్టు సొరుగులో పెట్టేశాను.

టిఫిను మానేస్తే ఏమైంది?

అందరూ చేసే పనే నేనూ చేశాను. పొద్దున తినడం మానేశాను. పదకొండున్నరకు ఆకలి నకనకలాడేది. టీ, రెండు సమోసాలు, ఎవరో ఒకరు తెచ్చిన మిఠాయి. మధ్యాహ్నం అన్నం రెట్టింపు. మూడు వారాల్లో బరువు అరకిలో పెరిగింది.

అది నవంబరు నెల. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ. ఒకరోజు పదకొండింటికి ఒక పెద్దాయన వేలిముద్ర యంత్రంలో పడక మూడోసారి నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ఆయన మీద విసుక్కున్నాను. ఆయన మారు మాట్లాడకుండా కుర్చీలో కూర్చుని తన వేళ్లకేసి చూసుకున్నారు. ఆ తరవాత క్షమాపణ చెప్పి పని చేసిపెట్టాను కానీ, ఆ రోజంతా నా మీద నాకే కోపం. ఆకలితో కూర్చున్న మనిషి కౌంటర్లో ఎవరికీ మంచి చేయలేడు.

పొద్దున తినకపోయినా ఇబ్బంది లేనివాళ్లు ఉంటారు. రోజంతటి మొత్తమే బరువును నిర్ణయిస్తుంది. అయితే మానేసిన టిఫినును పదకొండింటికి వడ్డీతో సహా వసూలు చేసుకునే నాలాంటివాళ్లకు ఆ దారి పనికిరాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారైతే డాక్టరును అడగకుండా పూట మానడం ప్రమాదం కూడా. చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు.

పోహా పళ్లెం ట్రయల్ బ్యాలెన్స్

ఆ రాత్రి సొరుగులోంచి రిపోర్టు తీసి ముందు మా ఆవిడకు నిజం చెప్పాను. "ఏమండీ, ఇంతకాలం దాస్తారా" అని కాసేపు మాట్లాడలేదు. తరవాత తనే అంది, "బ్రాంచిలో పైసా తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుంటారు కదా, ఆ పళ్లెం లెక్క కూడా ఓసారి చూసుకోండి" అని. మర్నాడు వంటింటి త్రాసు ఒకటి కొన్నాను.

లెక్కకు కావలసిన సూత్రం చిన్నదే. ఒక గ్రాము పిండిపదార్థానికి 4 కెలోరీలు, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9. బియ్యం, అటుకులు, రవ్వ ఏవైనా పొడిగా 100 గ్రాములకు సుమారు 350. టీస్పూను నూనెకు దాదాపు 45. టీస్పూను పంచదారకు 20. కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు సుమారు 2,110, స్త్రీకి 1,660 కెలోరీలు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క చెప్పింది.

ఇప్పుడు బండి మీది పళ్లెం చూద్దాం. 60 గ్రాముల అటుకులకు 210. మూడు టీస్పూన్ల నూనెకు 135. 20 గ్రాముల వేరుశనగలకు 110. గుప్పెడు కారప్పూసకు మరో 110. మొత్తం 565. రెండు జిలేబీలు కలిస్తే సులువుగా 750 దాటుతుంది. అంటే నా రోజు కోటాలో మూడో వంతు పైగా పొద్దున తొమ్మిదికే డెబిట్ అయిపోతోంది. అందులో కూరగాయ అంటే పైన చల్లిన ఉల్లిముక్కలే.

అదే పోహా ఇంట్లో చేశాను. అటుకులు 40 గ్రాములు (140), నూనె ఒక టీస్పూను (45), వేరుశనగలు 10 గ్రాములు (55), ఉల్లి, క్యారెట్, పచ్చి బఠాణీ కలిపి ఒక కప్పు (40), పక్కన చిన్న గిన్నెడు పెరుగు (60). మొత్తం 340. పళ్లెం చూడటానికి ముందుకంటే నిండుగా ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆకలి వేయలేదు. కారణం కూరగాయల్లోని పీచు, పెరుగు, పల్లీల్లోని మాంసకృత్తులు. ఈ రెండూ నెమ్మదిగా అరుగుతాయి, కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలబెడతాయి.

బాసీ డబ్బా చెప్పిన సంగతి

మా శాఖ గార్డు ఇక్కడి పల్లె మనిషి. ఓరోజు అతని స్టీలు డబ్బాలో చూస్తే నీళ్లలో అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. "బాసీ, సర్" అన్నాడు. నాకు మా అమ్మమ్మగారి ఊళ్లో తరవాణి కుండ కళ్ల ముందు కదిలింది. వండిన అన్నంలో అప్పటికప్పుడు నీళ్లు పోస్తే బోరే, రాత్రంతా నానితే బాసీ. మన చద్దన్నానికి తోబుట్టువు. ఒకప్పుడు పొలం పనివాళ్ల తిండి అని చులకనగా చూసినదాన్ని, 2022 మే 1న కార్మిక దినోత్సవం నాడు అందరూ తినాలని అప్పటి ముఖ్యమంత్రి పిలుపునిస్తే అధికారులు సైతం కూర్చుని తిన్నారు.

బాసీలో నూనె చుక్క లేదు. కప్పు అన్నానికి 200 కెలోరీలు. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొద్దిగా త్వరగా అరగని రూపంలోకి మారుతుంది. అలాగని కెలోరీలు మాయమైపోవు. మూడు కప్పులు తింటే 600 తిన్నట్టే. పొలంలో దున్నేవాడికి సరిపోయే కొలత కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి సరిపోదు. కప్పు బాసీ, గిన్నెడు పెరుగు, ఉల్లిపాయ, ఏదైనా ఆకుకూర వేపుడు. అంతవరకు బాగుంటుంది. ఎండాకాలం త్వరగా పులిసి చెడుతుంది కాబట్టి పొద్దున్నే తినేయాలి.

ఆ డబ్బా చూశాక ఇక్కడి వంటలు తెలుసుకోవాలనిపించింది. మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఆవరణలో గఢ్ కలేవా అనే చోట ఛత్తీస్‌గఢ్ వంటలు దొరుకుతాయి. అక్కడ కొన్ని రుచి చూశాను. ఫరా అంటే అన్నంలో బియ్యప్పిండి కలిపి, వేలంత పొడవున చుట్టి, ఆవిరి మీద ఉడికించి ఆవాలు, నువ్వులతో పోపు పెట్టేది. మన ఉండ్రాళ్లకు పోపు పెట్టినట్టే ఉంటుంది. చీలా అంటే బియ్యప్పిండి అట్టు. బఫౌరీ అంటే నానబెట్టిన శనగపప్పు రుబ్బి, ఉల్లి, మిర్చి, కొత్తిమీర కలిపి ఆవిరి మీద ఉడికించినది. మసాలా వడను నూనెలో వేయకుండా ఇడ్లీ పాత్రలో పెట్టినట్టనుకోండి. చౌసేలా మాత్రం బియ్యప్పిండి పూరీ. రుచికి లోటు లేదు కానీ నూనెలో తేలేది. దాన్ని పండగలకు వదిలేశాను.

చిరుధాన్యాల మీద ఒక అపోహ

2021లో ఛత్తీస్‌గఢ్ చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. కోదో, కుట్కీ, రాగులు మద్దతు ధరకు కొనడం ఆరంభించింది. కోదో అంటే మన అరికెలు, కుట్కీ అంటే సామలు. రాగులను బస్తర్‌లో మడియా అంటారు. మడియా పేజ్ మన రాగి అంబలే.

ఇవి తింటే బరువు తగ్గుతారని చాలామంది నమ్మకం. నేనూ నమ్మి అరికెల ఉప్మా పెద్ద పళ్లెం నిండా తిన్నాను. తూకం చూస్తే తెలిసింది: అరికెలు, రాగులు 100 గ్రాములకు సుమారు 320 నుంచి 330 కెలోరీలు. బియ్యానికీ వాటికీ తేడా తక్కువే. లాభం వేరే చోట ఉంది. పాలిష్ బియ్యం కంటే వీటిలో పీచు చాలా ఎక్కువ. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కొంచెం తింటేనే కడుపు నిండుతుంది కాబట్టి కెలోరీలు తగ్గుతాయి. నాలుగు చెంచాల నూనె పోసి చేస్తే ఏ ధాన్యమైనా ఒకటే.

మా ఇంటి వారం పట్టిక

పదో తరగతి పరీక్షలయ్యాక ఇంటివాళ్లు రాయపూర్ వచ్చారు. అమ్మాయి ఈ పట్టిక రాసి ఫ్రిజ్ మీద అంటించింది. కెలోరీలన్నీ సుమారు లెక్కలు, ఒక్కరికి.

సోమవారం: రెండు పెసరట్లు. 50 గ్రాముల పెసలు, టీస్పూను నూనె, బెల్లం లేని అల్లం పచ్చడి, గ్లాసు పల్చని మజ్జిగ. 250. మాంసకృత్తులు 12 గ్రాములకు తగ్గవు.

మంగళవారం: పైన చెప్పిన పోహా, పెరుగు. 340.

బుధవారం: మూడు ఇడ్లీలు, కప్పు కూరగాయల సాంబారు, ఉడికించిన గుడ్డు. 340. కొబ్బరి పచ్చడి చెంచాడే. 30 గ్రాముల పచ్చికొబ్బరిలో 110 కెలోరీలకు పైగా ఉంటాయని చాలామంది గమనించరు.

గురువారం: బఫౌరీ. 60 గ్రాముల శనగపప్పు, పాత్రకు రాసే నూనె, టమాటా పచ్చడి. 260.

శుక్రవారం: అరికెల ఉప్మా. 50 గ్రాముల అరికెలు, కప్పు కూరగాయలు, టీస్పూను నూనె, కొన్ని పల్లీలు. 305.

శనివారం: చీలా. బియ్యప్పిండి, శనగపిండి సమంగా కలిపి, మునగాకు తరిగి వేసి. ఇక్కడ మునగాకును మునగా భాజీ అంటారు, మార్కెట్లో తేలిగ్గా దొరుకుతుంది. 290. రెండో, నాలుగో శనివారాలు సెలవు కాబట్టి తీరిగ్గా ఫరా చేసుకుంటాం, పక్కన పెరుగుతో.

ఆదివారం: వేసవిలో బాసీ, మిగతా రోజుల్లో రాగి అంబలి, ఒక పండు. నెలకొకసారి అందరం కలిసి బండి దగ్గరికి వెళ్తాం. పోహా ఒక పళ్లెం, జిలేబీ తలా ఒకటి. ఈ అలవాటు తీసేస్తే మిగిలిన పట్టిక నిలవదని మా ఆవిడ అభిప్రాయం. అనుభవం మీద అది నిజమే.

గుర్తుంచుకోవలసినవి

నూనె సీసాతో పోయకండి, చెంచాతో కొలవండి. ఇంతకంటే పెద్ద ఆదా ఇంకొకటి లేదు. ప్రతి టిఫినులోనూ పప్పు, పెరుగు, గుడ్డు, పల్లీల్లో ఒకటి ఉండాలి. కప్పు కూరగాయలు ఉండాలి. టీలు కూడా లెక్కలో రాయండి. రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలంటే పంచదారకే 160 కెలోరీలు, అంటే మూడు ఇడ్లీలతో దాదాపు సమానం. పళ్లరసం కంటే పండు మేలు, పీచు పోదు. పొద్దున హడావిడి పడకుండా పప్పు రాత్రే నానబెట్టుకోవాలి. మా ఇంట్లో ఆ బాధ్యత నాది.

రోజుకు 200 కెలోరీలు తగ్గిస్తే నలభై రోజులకు కిలో బరువు తగ్గాలని కాగితం మీద లెక్క. శరీరం మన లెడ్జర్‌లాగా అంత కచ్చితంగా నడవదు. కొన్ని వారాలు ముల్లు కదలదు. గర్భిణులు, ఎదిగే పిల్లలు, కిడ్నీ, షుగరు సమస్యలున్నవారు ఈ పట్టికను ఉన్నదున్నట్టు పాటించవద్దు. డాక్టరునో డైటీషియన్‌నో అడిగి మార్చుకోండి.

ఆరు నెలల తరవాత నా బరువు 78 కిలోల 500 గ్రాములు. హెచ్‌బీఏ1సీ 5.8. టిఫినుతోపాటు సాయంత్రం అరగంట నడక కూడా ఇందులో ఉంది. ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాను కానీ, ఒక అడుగు వెనక్కి వేయగలిగాను. ఈసారి రిపోర్టు సొరుగులో పెట్టలేదు. మా అమ్మాయి దాన్ని పట్టిక పక్కనే అంటించింది.

నవంబరులో ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు. ఈసారి కూడా వేలిముద్ర రెండుసార్లు పడలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వేళ్లు తుడుచుకోమని చెప్పి మూడోసారి ప్రయత్నించాం. పడింది. పొద్దున పెసరట్టు తిని వచ్చాను మరి.

మన బ్యాంకు శాఖలు దేశమంతా ఉన్నాయి. బదిలీ మీద ఎక్కడెక్కడికో వెళ్లిన కుటుంబాలు అక్కడి పొద్దుటి తిండి ఏమిటో, ఎంత నూనెతో చేస్తారో ఈ పత్రికకు రాస్తే బాగుంటుంది. మా ఇంటి పట్టికలో ఆదివారం గడి ఇంకా కాస్త ఖాళీగానే ఉంది.