పియానో వాదకుని బాధ్యత

మన సంగీతమును విద్యార్థి గురుముఖమున నేర్చును. ఐరోపా శాస్త్రీయ సంగీతమునందు రచయిత స్వరములన్నిటిని కాగితముపై వ్రాసి యుంచును. ఆ వ్రాతను చూచి వాయించుటయే గదా, ఇందు వాదకుని ప్రతిభ యేమున్నదని తోచవచ్చును. ఏ మెట్టును నొక్కవలెనో కాగితము చెప్పును. ఎంత వేగముతో, ఎంత మెత్తగా నొక్కవలెనో, ఎచ్చట ఊపిరి తీసికొన్నట్లు క్షణకాల మాగవలెనో అది పూర్తిగా చెప్పజాలదు. చెప్పక విడిచినదియు ఒక్కొక్క రచయితయందు ఒక్కొక్క తీరుగా నుండును.

జర్మనీ దేశీయుడైన బాహ్ రచించిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ 1741లో అచ్చుపడెను. ఒక గీతమును, దానిపై అల్లిన 30 రూపాంతరములును అందు గలవు. అది హార్ప్సికార్డ్ అను వాద్యమునకై వ్రాయబడినది. ఆ వాద్యమున మెట్టును నొక్కినపుడు చిన్న ములుకు తీగెను మీటును. వ్రేలి బలము హెచ్చినను తగ్గినను ధ్వనిలో భేద మంతగా నుండదు. 1700 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున క్రిస్టోఫోరీ కల్పించిన పియానోలో నట్లు కాదు. అందు చిన్న సుత్తి తీగెను కొట్టును. వ్రేలి బలమును బట్టి ధ్వని మారును. కావున బాహ్ రచనను పియానోపై వాయించువాడు, బాహ్ వ్రాయని హెచ్చుతగ్గులను తానే నిర్ణయించుకొనవలెను.

కెనడా దేశీయుడైన గ్లెన్ గూల్డ్ 1955లో, తన 22వ యేట, ఈ రచనను రికార్డు చేసెను. అది సుమారు 38 నిమిషములలో ముగిసెను. 1981లో ఆతడే మరల రికార్డు చేయగా 51 నిమిషములు పట్టెను. కొన్ని భాగములను రెండుమారులు వాయించుట అందుకొక కారణము. కాని ప్రారంభగీతమును వినుడు: మొదట రెండు నిమిషములలోపే ముగిసినది, రెండవమారు మూడు నిమిషములు దాటినది. స్వరములు మారలేదు; వాయించినవాని మనస్సు మారినది.

బీథోవెన్ అట్లు విడిచిపెట్టువాడు కాడు. ‘హామర్‌క్లావియర్’ సొనాటాకు మెట్రొనోమ్ అను తాళయంత్రము ననుసరించి వేగమును సయితము నిర్దేశించెను. మొదటి భాగమునకు ఆయన వ్రాసినది నిమిషమునకు 138 దెబ్బలు! పెక్కుమంది వాదకులు అది అసాధ్యమని తలచి వేగమును తగ్గింతురు. 1932–1935 నడుమ బీథోవెన్ సొనాటాలు ముప్పదిరెంటిని రికార్డు చేసిన ఆర్టర్ ష్నాబెల్ ఆ వేగమునే అందుకొన యత్నించెను. అచ్చటచ్చట వ్రేళ్లు తడబడినవి. అయినను అది మెచ్చదగిన సాహసము.

షోపాన్ మాత్రము, ఎడమచేయి తాళము తప్పరాదనియు, కుడిచేయి స్వేచ్ఛగా నడువవచ్చుననియు బోధించెనని ఆయన శిష్యులు చెప్పిరి.

వాదకుడు ఒంటరిగా నున్నపుడు నిర్ణయ మాతనిదే. వాద్యబృందముతో కలిసినపుడో? 1962 ఏప్రిల్ 6న న్యూయార్కులోని కార్నెగీ హాలులో గూల్డ్ బ్రామ్స్ రచించిన మొదటి కంచెర్టోను వాయింపవలసి యుండెను. ఆతడు కోరిన మందగమనము బృందనాయకుడైన లెనర్డ్ బెర్న్‌స్టైనుకు సమ్మతము కాలేదు. బెర్న్‌స్టైన్ సభకు ఎదురుగా నిలిచి ఆ మాటనే విన్నవించెను. గూల్డు భావన తనకు సరిపడకున్నను, అంతటి కళాకారుని యోచనను తేలికగా త్రోసివేయరాదని పలికి బృందమును నడిపెను. ఆ వాదనము 50 నిమిషములకు పైగా సాగెను. దాని రికార్డు నేటికిని దొరకును. ఇరువురిలో నెవరిది యొప్పో విన్నవారు నేటికిని వాదించుకొనుచునే యున్నారు.