గ్రుడ్డు ధర ఏల పెరుగును?

మెదకు పట్టణమున సాయంవేళ కిరాణా దుకాణమునకు పోయిన ఇల్లాలు గ్రుడ్డు ధర నడిగి, మొన్నటి కంటె అర్ధరూపాయి హెచ్చినదని విని, ఆరు కొనదలచినది నాలుగింటితో సరిపెట్టుకొని ఇల్లు చేరును. తగ్గిన ఆ రెండు గ్రుడ్లును ఇంటిలోని పిల్లల పళ్లెములనుండి తగ్గినవే. దుకాణదారు ధర పెంచినాడని ఆమె అనుకొనుట సహజము. కాని నేటి ధర చాలవరకు అయిదు నెలల క్రిందటనే కోళ్లఫారములలో నిర్ణయమై పోయినది. అది యెట్లో విచారింతము.

గ్రుడ్లకై పెంచు కోడి, పిల్లగా ఫారమునకు వచ్చినది మొదలు పదునెనిమిది, ఇరువది వారముల వరకు ఒక్క గ్రుడ్డైనను పెట్టదు. అన్నాళ్లును రైతు దానిని ఊరక మేపవలసినదే. పిమ్మట ఏడాదికి పైగా, పది దినములలో ఇంచుమించు తొమ్మిది గ్రుడ్ల చొప్పున పెట్టును. కావున గిరాకి పెరిగినదని రైతు నేడు పిల్లలను తెచ్చినను, వాని గ్రుడ్లు అంగడి చేరునప్పటికి అయిదు నెలలు గడచును. నేతమిల్లు రాత్రివేళ కూడ నడచి ఉత్పత్తిని హెచ్చింపగలదు. కోడిని తొందరపెట్టుట ఎవరి తరమును కాదు.

ఇక ఖర్చు మాట. గ్రుడ్డు ఖర్చులో ఇంచుమించు మూడింట రెండు వంతులు దాణాదే. దాణాలో ముఖ్యమైనది మొక్కజొన్న. మన ప్రాంతమున మక్కలందురు. దానితో సోయా పిండి, తవుడు, పెంకు గట్టిపడుటకై సున్నపురాయి పొడి కలుపుదురు. కోడి దినమునకు సుమారు నూటపది గ్రాముల దాణా తినును. అనగా ఒక్కొక్క గ్రుడ్డు వెనుక నూటయిరువది గ్రాములకు పైగా దాణా యున్నది. కిలో దాణా అయిదు రూపాయలు పెరిగినచో గ్రుడ్డుపై అరువది పైసలు భారము పడును. ఇటీవలి సంవత్సరములలో పెట్రోలులో కలుపు ఇథనాలు తయారికి కూడ మొక్కజొన్నను విరివిగా వాడుచుండుటచే, ఒకే పంటకు ఇరువురు పోటీదారులు ఏర్పడినారు. చేనిలో మక్కలు పండించు మెదకు రైతునకు మంచి ధర వచ్చుట సంతోషమే. ఆ ధరయే తిరిగి గ్రుడ్డు రూపమున ఆతని ఇంటికి వచ్చును.

ఋతువుల ప్రభావమును తక్కువది కాదు. వేసవిలో కోడి వేడికి రొప్పుచు మేత తగ్గించును. గ్రుడ్లు తగ్గును, పెంకులు పలుచనగును. అయినను గ్రుడ్డు వేడి చేయునని జనులు మానుటచే ధర పెరుగక తరచు పడిపోవును. కార్తికమాసమున నియమము పాటించువారు గ్రుడ్డు ముట్టరు. మార్గశిరము రాగానే వారందరును తిరిగి కొందురు. అదే సమయమున చలి ముదిరిన ఉత్తర, తూర్పు రాష్ట్రములకు మన గ్రుడ్లు లారీలలో తరలిపోవును. క్రిస్మసు కేకుల తయారియు అప్పుడే. డిసెంబరు నెలలో మెదకు చర్చికి వేలకొలది యాత్రికులు వచ్చునప్పటికి ధర శిఖరము నెక్కి యుండుట అందువలననే.

2025వ సంవత్సరము దీనికి మంచి నిదర్శనము. ఆ ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ఫారములలో బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ కాగా, తెలంగాణలోను జనులు భయపడి కోడిమాంసము, గ్రుడ్లు కొనుట తగ్గించిరి. ధరలు పడిపోయినవి. ఆ ఏటనే డిసెంబరులో హైదరాబాదు అంగళ్లలో గ్రుడ్డు ఎనిమిది రూపాయలు పలికినది. అదే వ్యాధి అమెరికాలో కోట్లకొలది కోళ్లను హరింపగా, 2025 మార్చిలో అచట డజను గ్రుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటినది. ధర పడినప్పుడు నష్టపోయిన రైతు కొత్త పిల్లలను తేడు. ఆ తేని పిల్లలే కొన్ని నెలల పిమ్మట కొరతగా బయటపడును. చవక దినములలోనే కరవు విత్తనము పడుచున్నదన్న మాట.

ఈ ఒడుదుడుకుల నుండి రైతును కాపాడుటకై 1982లో బి. వి. రావుగారి నాయకత్వమున జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము ఏర్పడినది. అంతకు ముందు వర్తకులు చెప్పినదే ధర. నేడు ఈ సంఘము హైదరాబాదు మొదలగు కేంద్రములకు ప్రతిదినము నూరు గ్రుడ్లకు ఇంతయని సూచన ధర ప్రకటించుచున్నది. అది టోకు ధర. దానిపై లారీ కిరాయి, పగులుట వలని నష్టము, దుకాణదారు లాభము చేరును. పత్రికలలో ఆ ధర చూచినచో, మన వీధిలో అడుగుచున్నది న్యాయమో కాదో తేలికగా తెలియును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గ్రుడ్లు అవసరమని చెప్పినది. 2023–24లో దేశమున తలసరి లభించినవి 103 మాత్రమే. దేశమున గ్రుడ్ల ఉత్పత్తిలో మూడవ స్థానమందున్న తెలంగాణలో కూడ ధర పెరిగినప్పుడు ముందుగా గ్రుడ్డు మానునది పేదయిల్లే. 2015లో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీలో గర్భిణికిని బాలింతకును భోజనముతో గ్రుడ్డు నిచ్చుచున్నారు. అంగడిలో ధర పెరిగిన నాడు ఆ గ్రుడ్డు విలువ మరింత పెరుగును. దానిని విడువక తినుట, తినునట్లు చూచుట ఇంటివారి ధర్మము.

గృహిణులు చేయదగినది కొంత కలదు. ముప్పది గ్రుడ్ల ట్రేను ఇరుగుపొరుగు ఇండ్లవారు కలసి కొని పంచుకొనినచో విడి ధరకన్న కొంత తగ్గును. కొన్న గ్రుడ్డును నీటిలో వేసి చూడవలెను: అడుగున పడుకొనినది తాజాది, నిలుచున్నది పాతది, తేలినది పారవేయదగినది. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. వేసవిలో ధర తగ్గినప్పుడు నిష్కారణముగా గ్రుడ్డు మానకుండుట. ఆనాడు మనము కొన్న గ్రుడ్డు మన పిల్లలకు బలము. ఫారములో రైతు కొత్త పిల్లలను దించుటకు ధైర్యము.