రెండో మానిటర్ ఆపితే ఆగిపోయినట్టేనా?

అపోహ: స్విచ్ నొక్కి రెండో మానిటర్‌ను ఆపేస్తే కంప్యూటర్ ఒక్క తెరకు మారిపోతుంది.

వాస్తవం: తెర నల్లబడింది మనకే, కంప్యూటర్‌కు కాదు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో తగిలించిన చాలా మానిటర్లు ఆపేసినా ‘ఉన్నాను’ అని సంకేతం ఇస్తూనే ఉంటాయి. కంప్యూటర్ నుంచి కేబుల్‌లో వచ్చే 5 వోల్టులే అందుకు చాలు. విండోస్ ఆ మాట నమ్మి, మీరు తెరిచిన ఎక్సెల్ షీటును ఆ చీకటి తెర మీదే పరిచేయొచ్చు. టాస్క్‌బార్‌లో ఉంటుంది, ఎంత నొక్కినా ఎదురుగా రాదు. హ్యాంగ్ అయిందని రీస్టార్ట్ చేసేవాళ్లూ ఉంటారు. ఆల్ట్, ట్యాబ్ కీలతో ఆ విండోను ఎంచుకుని, విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణమో కుడి బాణమో నొక్కితే ఇవతలికి వచ్చేస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ తీరు వేరు. చాలా మానిటర్లలో బటన్ నొక్కడమంటే కేబుల్ పీకినట్టే. విండోలన్నీ మొదటి తెర మీద వచ్చి పడతాయి. మళ్లీ ఆన్ చేస్తే వాటిని పాత చోట్లకు చేర్చే ఆప్షన్ విండోస్ 11లో ఉంది.

నిజంగా ఒక్క తెర చాలనుకుంటే విండోస్ కీతో పాటు ‘పి’ నొక్కండి. 2009లో విండోస్ 7తో వచ్చిన సదుపాయమిది. ‘పీసీ స్క్రీన్ ఓన్లీ’ అంటే ఒక్కటే, ‘ఎక్స్‌టెండ్’ అంటే రెండూ. ఈ పేర్లు ల్యాప్‌టాప్‌ను చూసి పెట్టినవి. డెస్క్‌టాప్‌కు సొంత తెర ఎక్కడిది! అందుకే మీకు కావలసినది కాక పక్కది వెలిగితే ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకోండి.

అపోహ: కేబుల్ తగిలించినప్పుడల్లా రీస్టార్ట్ చేయాలి.

వాస్తవం: హెచ్‌డీఎంఐకి, డిస్‌ప్లేపోర్ట్‌కు అక్కర్లేదు.

అపోహ: ఖాళీగా ఉన్న ఏ పోర్టుకైనా తగిలించొచ్చు.

వాస్తవం: గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో రెండు మానిటర్లనూ కార్డు పోర్టులకే పెట్టండి. కార్డు కనిపించగానే చాలా మదర్‌బోర్డులు తమ వీడియో పోర్టులను మూసేస్తాయి. బయోస్‌లోకి వెళ్లి తెరవొచ్చు. కానీ 12400ఎఫ్‌లా పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ అయితే అదీ లాభం లేదు. అందులో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు.

అపోహ: ఒక్క పోర్టే ఉంటే స్ప్లిటర్ కొంటే సరి.

వాస్తవం: మామూలు హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఒకే బొమ్మను రెండు చోట్ల చూపిస్తుంది, అంతే. టీవీల షోరూముకు పనికొస్తుంది.

అపోహ: రెండు మానిటర్లూ ఒకే సైజువి కావాలి.

వాస్తవం: విండోస్ 98 నాటికే 9 తెరల దాకా తగిలించే వీలుంది, వేర్వేరు రిజల్యూషన్లతో సహా. కాబట్టి పాత మానిటర్‌ను అటకెక్కించకండి. మౌస్ బాణం అంచు దగ్గర తట్టుకుంటుంటే, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అంకెలున్న పెట్టెలను మీ బల్ల మీద మానిటర్లు ఉన్న వరుసలోకి జరపండి.